తప్పిపోయిన సంచిక

మీరు సీరియల్స్ చదువుతారా? చదివే అలవాటుంటే ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. పాతిక వారాలుగా ఊపిరి బిగబట్టి చదువుతున్న సీరియల్లో, సరిగ్గా ఆ పిల్ల పెట్టె సర్దుకుని పుట్టింటికి బయల్దేరిన వారమే పత్రిక మీ ఊరికి రాలేదనుకోండి. ఏం చేస్తారు? "పోన్లే, వచ్చేవారం 'జరిగిన కథ' చదివితే సరిపోతుంది" అని ఊరుకునేవాళ్లు కొందరు. ఊరుకోలేక పక్క వీధి, పై వీధి, చివరికి పక్క ఊరు కూడా గాలించేవాళ్లు కొందరు. మా అమ్మ ఈ రెండో రకం. మా అమ్మాయి కూడా ఆ రకమేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇద్దరి మధ్యా నేనొకదాన్ని, మొదటి రకం. ఆ మొదటి రకం మనిషి చేసిన ఒక తప్పు గురించే ఈ నాలుగు మాటలు.

మా పుట్టిల్లు ఉదయగిరి. శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల దగ్గర్నుంచి గెలుచుకున్న కొండకోట మా ఊరి నెత్తి మీదే ఉంది. ఇప్పుడైతే ఆ కోటకన్నా కొయ్య గరిటెలకే మా ఊరికి ఎక్కువ పేరు. నా మెట్టినిల్లు ఆత్మకూరు. రెండూ నెల్లూరు జిల్లాకి పడమట ఉన్న మెట్ట ఊళ్లే. కాకపోతే ఆత్మకూరు నెల్లూరుకి దగ్గర, ఉదయగిరి దూరం. ఈ దగ్గరా దూరం సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరమవుతుంది.

నా చిన్నప్పుడు వారపత్రికలు నెల్లూరు నుంచి బస్సు మీద కట్టలుగా వచ్చేవి. బస్సు వస్తే పత్రిక, రాకపోతే లేదు. అమ్మ చదవడంతో ఆగేది కాదు. సీరియల్ పేజీలు జాగ్రత్తగా విప్పి, వారాల వరసలో పేర్చి, దబ్బనంతో పురికొస పెట్టి కుట్టేది. మైదాపిండి ఉడికించి జిగురు చేసి, పాత క్యాలెండర్ అట్టలు పైన అతికించేది. అలా ఇరవై బైండ్లు తయారు చేసింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక ఆ బైండ్లలో ఒకటి తీసి గుమ్మంలో కూచుందంటే, పక్కన బాంబు పడినా లేచేది కాదు.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర పెద్ద తుపాను తీరం దాటింది. మా జిల్లా వాళ్లకు ఆ తుపాను ఇప్పటికీ గుర్తే. ఆ గొడవలో ఒక వారం పత్రిక కట్ట మా ఊరికి చేరనే లేదు. నాకప్పుడు పదకొండేళ్లు. అమ్మ నాలుగు రోజులు అన్నం సరిగ్గా తినలేదంటే మీరు నవ్వుతారేమో. అయిదో రోజు పొద్దున్నే రెండు కొయ్య గరిటెలు గుడ్డలో చుట్టుకుని ఆత్మకూరు బస్సెక్కింది. నెల్లూరుకి దగ్గర కాబట్టి అక్కడికి కట్ట చేరే ఉంటుందని ఆమె లెక్క. మాకు తెలిసినావిడ ఒకామె అక్కడ ఉంది, ఆమె కూడా పత్రిక కొంటుంది. రాత్రి ఆఖరి బస్సుకి తిరిగొచ్చింది. చేతిలో గరిటెలూ లేవు, పత్రికా లేదు.

"దొరికిందామా?" అన్నాను.

"దొరికిందిలే, పోయి పడుకో" అంది.

ఉత్త చేతులతో వచ్చి దొరికిందంటుందేమిటి అనుకున్నాను. సిగ్గుపడి అబద్ధం చెప్పిందనుకుని నిద్రపోయాను. నేను మళ్లీ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇక మా అమ్మాయి సంగతి. వేసవి సెలవులు ఇస్తే చాలు, ఉదయగిరిలో అమ్మమ్మ దగ్గర వాలేది. ఇద్దరికీ ఒకటే కాలక్షేపం, టీవీలో షిన్‌చాన్. అయిదేళ్ల అల్లరి జపాన్ పిల్లవాడి కథ. 2006లో హంగామా టీవీలో మొదలైంది, తెలుగులో మాట్లాడేవాడు. ఆ పిల్లవాడు తల్లికి ఎదురుచెప్పినప్పుడల్లా మా అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "నీ చిన్నప్పుడు నువ్వు ఇట్టనే ఉండేదానివి" అని నా మీదికి తిప్పేది కూడాను.

2008లో ఒక రోజు షిన్‌చాన్ రాలేదు. మరునాడూ రాలేదు. ఆ పిల్లవాడి మాటలు మన పిల్లల్ని చెడగొడుతున్నాయని ఫిర్యాదులు వచ్చాయని, కేంద్ర ప్రభుత్వం ఆపించింది. మరుసటేడు కత్తిరింపులతో మళ్లీ వచ్చాడు గానీ, మధ్యలో మా ఇంట్లో ఇద్దరు దిగులుపడ్డారు.

"ఆ పిలకాయ ఏమైపోయినాడే? ఒళ్లు బాగలేదా ఏంది?" అని అమ్మ నాకు ఫోన్ చేసి మరీ అడిగింది.

బొమ్మలోని పిల్లవాడికి ఒళ్లు బాగలేకపోవడమేమిటి అని నేను నవ్వాను. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. "అమ్మమ్మకి సీడీ కొనిద్దామా" అంది. మోజర్ బేర్ వాళ్లు 2007లో సినిమా వీసీడీ 28 రూపాయలకీ, డీవీడీ 34 రూపాయలకీ అమ్మడం మొదలుపెట్టాక మా ఆత్మకూరు బస్టాండు దగ్గర కూడా డిస్కులు బఠాణీల్లా దొరికేవి. వెళ్లి అడిగాం. ఎన్టీఆర్, ఏఎన్నార్, చిరంజీవి, అందరూ ఉన్నారు. తెలుగు మాట్లాడే షిన్‌చాన్ లేడు. "అట్టాంటివి రావమ్మా" అన్నాడు కొట్టాయన. ఆ తర్వాత మేం నెల్లూరులో, తిరుపతిలో అడిగిన చోట కూడా లేవు. ఉత్తరోత్తరా టీవీలో ఆ గొంతులు మారిపోయాయంటుంది మా అమ్మాయి. అమ్మమ్మతో కలిసి విన్న ఆ గొంతులు మళ్లీ ఎక్కడా వినపడలేదట.

మీలో చాలామందికి 1993లో ఆదివారం పొద్దున దూరదర్శన్‌లో వచ్చిన 'జంగిల్ బుక్' గుర్తుండే ఉంటుంది. చెడ్డీ వేసుకుని చెట్ల మీద ఊగే మోగ్లీ. అడవి మనది, కథ రాసింది ఇంగ్లీషాయన, ఆ బొమ్మల్ని కదిలించింది మాత్రం జపాన్ వాళ్లు. 1989లో అక్కడ తీసిన సీరియల్ అది. నాకీ సంగతి మా అమ్మాయి చెప్పేదాకా తెలియదు. మోగ్లీ అయినా షిన్‌చాన్ అయినా డోరేమాన్ అయినా, జపాన్ వాళ్లు తీసే ఈ బొమ్మల కథలన్నిటినీ కలిపి యానిమే అంటారట. మనం వాటిని చంటిపిల్లల వ్యవహారం అనుకుంటాం గానీ, పెళ్లి, చావు, పరీక్షలు, వంటలు, ఒంటరితనం, అన్నీ ఉంటాయి వాటిలో.

మా పిల్ల ఇంజనీరింగ్ చదువుతూ వీటిలో బాగా మునిగింది. 2004లో మన దేశానికి వచ్చిన యానిమాక్స్ అనే ఛానెల్ 2017లో మూతపడితే, ఇంట్లో ఎవరో పోయినట్టు మొహం పెట్టింది. 'వెదరింగ్ విత్ యూ' అనే సినిమా మన దేశంలో కూడా విడుదల చెయ్యండి బాబూ అని మన పిల్లలు వేల సంతకాలతో అర్జీ పెడితే, 2019 అక్టోబరులో నిజంగానే విడుదల చేశారు. ఆ సంతకాల్లో మా పిల్లదీ ఒకటి. చెన్నై వెళ్లి చూసొచ్చి నెల్లాళ్లు అదే ధ్యాస.

దానికి అన్నిటికన్నా ఇష్టమైన సీరియల్ పేరు 'నిచిజో'. ఆ మాటకి రోజువారీ బతుకు అని అర్థమట. ముగ్గురు బడిపిల్లలు, ఒక చిన్న ప్రొఫెసరమ్మ, ఒక మరమనిషి పిల్ల, ఒక మాట్లాడే పిల్లి. సాసేజి ముక్క జారి కింద పడబోతుంటే దాన్ని పట్టుకోవడమే పెద్ద యుద్ధంలా తీస్తారు. 2011లో క్యోటో యానిమేషన్ అనే స్టూడియో వాళ్లు 26 భాగాలుగా తీశారు. అమెరికాలో దీని డిస్కులు తెస్తామని ప్రకటించిన బందాయ్ ఎంటర్‌టైన్‌మెంట్ అనే సంస్థ 2012 జనవరిలో కొత్త డిస్కుల వ్యాపారమే మానుకుంది. 'నిచిజో'తో పాటు 'గోసిక్', 'టర్న్ ఏ గండమ్' అన్నీ రద్దు. వేరే కంపెనీ వాళ్లు పూనుకుని 'నిచిజో' డిస్కు తెచ్చేసరికి 2017 వచ్చింది. అయిదేళ్లు! మన సీరియల్ అయిదేళ్లు ఆగితే మనం ఊరుకుంటామా?

అంతలో ఇంకో ఘోరం జరిగింది. 2019 జూలై 18న ఎవడో దుర్మార్గుడు ఆ క్యోటో స్టూడియోకి నిప్పు పెట్టాడు. 36 మంది చనిపోయారు. బొమ్మలు గీసే చేతులవి. ఆ రోజు మా పిల్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసి ఏడ్చింది. మన వాళ్లెవరూ లేరు గదా అక్కడ, ఎందుకే ఏడుస్తావు అన్నాను. అది ఫోన్ పెట్టేసింది. అదే ఏడాది డిసెంబరులో మా అమ్మ పోయింది.

ఉద్యోగం వచ్చి చెన్నైలో చేరాక, జీతంలోంచి నెలనెలా కొంత దాచుకుని డిస్కులు తెప్పించుకోవడం మొదలుపెట్టింది. ఇందులో ఎన్ని తిప్పలున్నాయో తెలిస్తే మీకు వడియాలు పెట్టడం సులువనిపిస్తుంది. ముందు డబ్బు సంగతి. జపాన్‌లో ఒక్కో డిస్కులో రెండు మూడు భాగాలే పెట్టి, దాన్నే ఆరు నుంచి ఎనిమిది వేల యెన్‌లకు అమ్మడం వాళ్ల రివాజు. పోనీ అంత పోసి కొన్నా, చాలావాటిలో కింద ఇంగ్లీషు అక్షరాలు పడవు. అలాంటిదొకటి తెప్పించి పెడితే మా ఆయన పది నిమిషాలు చూసి, "ఇదేదో మౌనవ్రతం లాగుందే, మాట్లాడుతుండారు గానీ మనకే వినపడదు" అని లేచిపోయారు. అమెరికా డిస్కులు నయం, చవక, ఇంగ్లీషు అక్షరాలూ ఉంటాయి. కానీ పార్సిల్ చెన్నైలో విదేశీ తపాలా ఆఫీసులో ఆగుతుంది. అక్కడ సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా ఖర్చు కూడా కలిపి లెక్కేస్తారు. దోసెకన్నా చట్నీకి ఎక్కువైనట్టు అవుతుంది బిల్లు.

సరే, ఇంటికొచ్చింది. ప్లేయర్లో పెడితే ఆడదు! డిస్కులకి కూడా కులగోత్రాలున్నాయని అప్పుడు తెలిసింది నాకు. ప్రపంచాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి ఒక్కో గుర్తు ఇచ్చారు. డీవీడీలో అమెరికాది 1, జపాన్‌ది 2, మనది 5. బ్లూరేలో జపాన్, అమెరికా రెండూ ఏ గోత్రం, మనం సీ గోత్రం. గోత్రం కలిస్తేనే ఆడుతుంది, మన పెళ్లిళ్లకి పూర్తిగా తలకిందులు! కంప్యూటర్లోని డీవీడీ డ్రైవ్‌లో ఆ గుర్తు మార్చుకోవచ్చు గానీ, అయిదంటే అయిదు సార్లే. అయిదోసారి ఏ దేశం దగ్గర ఆపితే ఆ దేశానికే అంకితం. అన్ని గోత్రాలూ ఆడే ప్లేయర్లు వేరే ఉంటాయి, వాటి ధర వేరే.

2022లో ఒక పెట్టె కోసం ముందుగానే డబ్బు కట్టింది. అమెరికాలో ఉన్న మా చెల్లెలి కొడుకు అడ్రసుకి తెప్పించి, వాడు వచ్చేటప్పుడు పట్టుకొచ్చేటట్టు ఏర్పాటు. ఏడు నెలలు ఎదురుచూశాక ఆ కొట్టువాళ్లు, ఆ పెట్టె రావడం లేదు, ఆర్డరు రద్దు చేశాం అని రెండు వాక్యాలు రాసి పడేశారు. డబ్బు తిరిగొచ్చింది లెండి. కానీ ఆ ఆదివారం మా పిల్ల ఆత్మకూరులో వంటింటి గట్టు మీద కూచుని ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయింది. నేను చేపల పులుసు కలుపుతూ, ఓదార్చాల్సింది పోయి, నోరు జారాను.

"ఫోన్లో వస్తుంది గదే ఆ బొమ్మలాట! ఫోన్లో ఉన్నదానికి మళ్లా డబ్బా ఎందుకు? ఇంట్లో దుమ్ము పట్టడానికా?"

అది నా వంక చూసింది. మెల్లిగా అంది, "అమా, అమ్మమ్మ బైండ్లు ఏడుండాయి?"

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఇక్కడ మీకు నిజం చెప్పాలి. అమ్మ పోయిన తర్వాత, 2020 సంక్రాంతికి ఉదయగిరి ఇల్లు శుభ్రం చేయించాను. బైండ్లకి చెదలు పట్టే ఉన్నాయి, మనసులో దుఃఖం, చేతినిండా పని. పాత పేపర్లవాడు వీధిలో పోతుంటే పిలిచాను. పద్నాలుగు కిలోలు తూగాయి. కిలో పది రూపాయల లెక్కన నూట నలభై చేతిలో పెట్టాడు. ఆ డబ్బుతో ఫినాయిలు, చీపురు కొన్నాను. మా అమ్మ పదేళ్ల మధ్యాహ్నాలు ఆ రోజు చీపురైపోయాయి. మా పిల్లకి చెప్పలేదు. అటక మీద ఉన్నాయిలే అని దాటవేస్తూ వచ్చాను. ఆ ఆదివారం దాచలేకపోయాను.

అది నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. సాయంత్రం బస్సుకి చెన్నై వెళ్లిపోయింది. ఆ తర్వాత ఏడాదికి పైగా ఫోన్ చేస్తే తిన్నావా, పడుకున్నావా, అంతే. ఏం డిస్కు కొన్నదీ, ఏది రద్దయిందీ నాకు చెప్పడం మానేసింది. పిల్లలు మనతో గొడవపడినప్పుడు కాదండీ, చెప్పడం మానేసినప్పుడు భయపడాలి.

2024 ఏప్రిల్లో ఒక వార్త పంపింది, కింద ఒక్క మాట కూడా రాయకుండా. అమెరికాలో ఫ్యూనిమేషన్ అనే సంస్థ తన డిస్కులతో పాటు ఒక కోడ్ కూడా ఇచ్చేది. ఆ కోడ్ కొడితే అదే సినిమా నెట్‌లో కూడా ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు. 2024 ఏప్రిల్ 2న ఆ సర్వీసు మూతపడింది. దానితో కోడ్‌లన్నీ గాలికి పోయాయి. బీరువాలో డిస్కు దాచుకున్నవాళ్లకి మాత్రం సినిమా మిగిలింది. నేను ఆ వార్త రెండుసార్లు చదివాను. 'ఫోన్లో ఉన్నదానికి డబ్బా ఎందుకు' అన్న నా ప్రశ్నకి జవాబు అది. తిట్టకుండా చెప్పింది.

ఆ నెల్లోనే ఉదయగిరి ఇంటికి అద్దెకి మనుషులు దొరికారు. అటక ఖాళీ చేయడానికి నేనూ మా ఆయనా వెళ్లాం. అమ్మ పాత రేకు పెట్టెలో, పట్టుచీర అడుగున, ఒక బైండు కనిపించింది. ఇరవయ్యోది. పేపర్లవాడికి వేసేటప్పుడు లెక్కపెట్టలేదు నేను. చీరతో పాటు దాచుకుందంటే, అది అన్నిటికన్నా ఇష్టమైనదై ఉండాలి.

తిప్పుతున్నాను. అచ్చు పేజీలు, అచ్చు పేజీలు, సరిగ్గా మధ్యలో, గీతల నోటుబుక్కు కాగితాలు. పన్నెండు. నీలం ఇంకుతో అమ్మ దస్తూరీ. పైన సీరియల్ పేరు, దాని కింద 'గత సంచిక తరువాయి'. మాటల మధ్య బొమ్మ ఉండాల్సిన చోట ఒక చదరం గీసి, అందులో 'ఈమె పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నది' అని రాసుకుంది. చివర్న 'ఇంకా ఉంది' అని కూడా వదలకుండా రాసింది. మొదటి పేజీ మూల 'ఆత్మకూరు' అని చిన్న అక్షరాలు.

అప్పుడర్థమైంది నాకు. ఆ ఆత్మకూరావిడ కూడా బైండు కట్టుకునే మనిషే అయ్యుంటుంది. పత్రిక ఇవ్వలేదు, కూచుని రాసుకోనిచ్చింది. గరిటెలు ఆమెకిచ్చి, పొద్దుటి నుంచి ఆఖరి బస్సు దాకా మా అమ్మ ఎవరింటి వసారాలోనో వంగి కూచుని పన్నెండు పేజీలు రాసింది. మడిచి జాకెట్లో పెట్టుకునొచ్చింది. 'దొరికిందిలే' అన్నది అబద్ధం కాదు. నలభై ఏళ్లు ఆమెని అబద్ధాలకోరుని చేశాను నేను.

ఆ పేజీల ఫోటోలు తీసి మా పిల్లకి పంపాను. పది నిమిషాలకి ఫోన్ మోగింది.

"అమా, అమ్మమ్మ ఇంపోర్టు చేసింది!" అని నవ్వుతోంది, ఏడుస్తోంది. రెండేళ్ల తర్వాత విన్న నవ్వు.

తర్వాత నేనేం చేశానో చెబితే మీరు ఆశ్చర్యపోతారు. నా చీటీ డబ్బుతో అన్ని గోత్రాలూ ఆడే ప్లేయరు కొన్నాను. దసరాకి మా పిల్ల అమెరికా నుంచి తెప్పించుకున్న 'నిచిజో' పట్టుకొచ్చింది. నెయ్యి కారం దోసెలు పోసుకుని, ఇద్దరం వరసగా ఆరు భాగాలు చూశాం. మాటలు జపాన్‌వి, అక్షరాలు ఇంగ్లీషువి, నాకు సగమే అందింది. కానీ ఆ సాసేజి జారినప్పుడు మాత్రం పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. మా పిల్ల టీవీ చూడ్డం మానేసి నన్నే చూసింది. అమ్మలాగే నవ్వానట.

కాలం కాస్త మారిందనే చెప్పాలి. జపాన్ వాళ్లు యుగో సాకో అనే ఆయన పూనికతో మన వాళ్లతో కలిసి 1992లో పూర్తిచేసిన బొమ్మల రామాయణం 2025 జనవరి 24న మన థియేటర్లలో తెలుగు మాటలతో విడుదలైంది. అదే ఏడాది సెప్టెంబరు 12న 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాసిల్' కూడా తెలుగులో వచ్చింది. మా పిల్ల రెండూ చూసింది. సంతోషమే. కానీ బయటికొచ్చాక అడిగిన ప్రశ్న ఒక్కటే, "ఈ తెలుగుది డిస్కుగా ఇస్తారా అమా?" ఏమో మరి. రాముడు తెలుగులో మాట్లాడటానికి ముప్ఫై రెండేళ్లు పట్టింది. ఈ గొంతులైనా షిన్‌చాన్ గొంతుల్లా గాలికి పోకుండా ఉంటే బాగుండునని నాకూ ఇప్పుడు అనిపిస్తోంది.

మీ ఇంట్లో కూడా ఇలాంటి పిల్లలుంటే నాది రెండు మాటల సలహా. డిస్కుల్ని పళ్లేల్లా ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. తుడవాల్సి వస్తే మెత్తటి నూలుగుడ్డతో మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పకండి. మా ఆత్మకూరు ఎండల్లాంటివి మీ ఊళ్లోనూ ఉంటే, కిటికీ పక్కన అసలే పెట్టకండి. పాత బైండ్లయితే నీడలో ఆరిన వేపాకు మధ్య మధ్య పెట్టండి. దుమ్ము దులిపేటప్పుడు అది ఎవరిదో, ఎందుకు దాచుకున్నారో ఒక్కసారి అడగండి. నేను అడగలేదు.

చివరగా ఒక విన్నపం. ఉదయగిరి, ఆత్మకూరు, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఉండే అక్కచెల్లెళ్లారా! పాత పేపర్ల కొట్లో పొట్లాలకని కొన్న కాగితాల్లోనో, ఎవరింటి అలమరలోనో, పురికొసతో కుట్టి, మైదా జిగురుతో క్యాలెండర్ అట్ట అతికించిన సీరియల్ బైండు ఎప్పుడైనా మీ కంటపడితే, దయచేసి చింపకండి. నాకు పంపక్కర్లేదు. మీరే చదువుకుని, జాగ్రత్తగా దాచుకోండి. అలాంటివి ఇంకా పంతొమ్మిది ఉన్నాయి.